గాజు హాబ్ గారికి, బండ కోయకముందే ఒక మాట

శ్రీ నాలుగు బర్నర్ల గ్లాస్ టాప్ బిల్టిన్ హాబ్ గారికి,

కడప నుంచి ఒక ఇల్లాలు రాయునది ఏమనగా, మేమంతా క్షేమం, మా వంటిల్లే క్షేమంగా లేదు. పాత గట్టు పగలగొట్టించాం, సింకు వరండాలో పడి ఉంది, కొత్త కడప బండ పరిచిన మేస్త్రి "కన్నం కొలత చెప్తే కోసేసి పోతానక్కా" అని రోజూ ఫోన్ చేస్తున్నాడు. గట్టు బండకు కన్నం కోసి అందులో దించే గ్యాస్ స్టవ్ కదా తమరు, ఆ కన్నం తమరి కోసమే. అందుకే ఏడు రోడ్ల దగ్గర షోరూంలో లైట్ల కింద నల్లగా నిగనిగలాడుతున్న తమరిని చూడ్డానికి, పెళ్లిచూపులకు పోయినట్టు, మా ఆయనా నేనూ తయారై వచ్చాం. తమరు బాగున్నారు, ఆ మాట కాదనను. మా ఆయన తమరిలో చూసుకుని క్రాఫ్ కూడా సరిచేసుకున్నాడు.

అడిగినవాటికే జవాబు రాలేదు. అమెరికాలో ఉన్న మా మరిది ముందే నాకు ఫోన్లో పాఠం చెప్పి పంపాడు లెండి. వాళ్ల వీధికి గ్యాస్ పైపు లేదు, ఇంటి బయట పెద్ద ప్రొపేన్ ట్యాంకు పెట్టుకున్నారు. అక్కడ కొత్త స్టవ్ మామూలుగా పైపు గ్యాస్‌కు సరిపడే జెట్‌లతో, అంటే బర్నర్‌లోకి గ్యాస్ వదిలే చిన్న కంత బిళ్లలతో, వస్తుంది, ప్రొపేన్ వాడాలంటే వాటిని తీసి సన్న కంతలున్న జెట్‌లు వేయించుకోవాలి, ఎందుకంటే ఒక ఘనపుటడుగు ప్రొపేన్‌లో దాదాపు 2,500 బీటీయూల (బీటీయూ అంటే వేడిని కొలిచే లెక్క) వేడి ఉంటే, పైపులో వచ్చే నేచురల్ గ్యాస్‌లో వెయ్యి చిల్లరే. మన సిలిండర్‌లో ప్రొపేన్ ఒంటరిగా రాదు, బ్యూటేన్‌ను వెంటబెట్టుకుని వస్తుంది. అయినా రేపు మా వీధికి పైపు గ్యాస్ వస్తే తమరి జెట్‌లు కూడా మార్చాల్సిందే. అవి దొరుకుతాయా అని అడిగితే తమరి తరఫు కుర్రాడు "ఎనిమిది ఎంఎం టఫెన్డ్ గ్లాస్ మేడమ్" అన్నాడు. పోనీ పెద్ద బర్నర్ ఎన్ని కిలోవాట్లు నాయనా అంటే "గ్లాస్‌కు వారంటీ ఉంది మేడమ్". ఇంట్లో వాడే ఎల్పీజీ స్టవ్ కనీసం 68 శాతం వేడిని గిన్నెకు చేర్చాలని ఐఎస్ 4246 అనే మన దేశపు ప్రమాణం చెప్తుంది, మరి ఇదెంత చేరుస్తుంది అని మా ఆయన గొంతు పెంచి అడిగాడు. కుర్రాడు గుడ్డ తీసి తమరిని ఇంకోసారి తుడిచాడు.

సరే, లెక్కలు వదిలేద్దాం. తమరు సంగటి మోస్తారా? మా ఇంట్లో సంగటి అంటే హోటల్లో నాటుకోడి పులుసు పక్కన పెట్టే ముద్ద కాదు, వారంలో సగం రోజుల తిండి. బియ్యం మెత్తగా ఉడికాక రాగిపిండి కుప్పగా పోసి, మధ్యలో కట్టెతో గుంత చేసి, మంట తగ్గించి మగ్గనిచ్చి, ఆ తర్వాత మా అత్త ఒక చేత్తో మసిగుడ్డ పెట్టి గిన్నె అంచు పట్టుకుని, రెండో చేత్తో కట్టె తీసుకుని, భుజం బలమంతా పెట్టి కెలుకుతుంది. అప్పుడు గిన్నె తిరుగుతుంది, గిన్నెతో పాటు స్టవ్ మీది స్టాండు తిరుగుతుంది. తమరి స్టాండు కాళ్ల కింద బొత్తాలంత రబ్బరు బిళ్లలున్నాయి, నేను వేలితో తోస్తేనే గాజు మీద సర్రున జారింది. మా అత్త చేతికి అదెంత? పైగా టఫెన్డ్ గ్లాస్ పగిలితే బీటతో ఆగదు, ఉన్నట్టుండి మొత్తం నలుసులైపోతుంది. ఆ నలుసులు సంగట్లో పడితే వారంటీ కాగితం చూపించి తినమంటారా?

నాలుగు బర్నర్ల గొప్ప కూడా చూశాం. సంగటి గిన్నె ఒకదాని మీద, పప్పు కుక్కర్ ఇంకోదాని మీద పెడితే మిగతా రెండూ ఖాళీగా చూస్తూ ఉండాలి, టీ గిన్నెకు కూడా సందు దొరకదు.

తమరిలో ఒక్క మంచి గుణం ఉంది, దాన్ని కుర్రాడు చెప్పనే లేదు, మెరవదు కదా. బర్నర్ పక్కన చిన్న కడ్డీ ఉంది. మంట వేడికి దాంట్లో కాస్త కరెంటు పుట్టి గ్యాస్ వాల్వ్‌ను తెరిచి ఉంచుతుంది. అన్నం పొంగి మంట ఆరిందా, కడ్డీ చల్లారి వాల్వ్ మూసుకుంటుంది. అన్నం పొంగని ఇల్లు కడపలో నేనైతే చూడలేదు. వెలిగించేటప్పుడు మాత్రం నాబ్ నొక్కి పట్టుకుని కొన్ని సెకన్లు నిలబడాలి, "దీన్ని బతిమాలాలా ఏంది?" అంది మా అత్త. బతిమాలొచ్చు. కానీ అది ఖరీదైన మోడల్‌లోనే ఉందట, చవక మోడల్‌లో గాజు ఉంది, కడ్డీ లేదు.

తమరి కింద సిలిండర్‌కు డిజైనర్ గీసిన గూడు సంగతి వేరే చెప్పాలి. నాలుగు వైపులా మూత, తలుపుకు మెత్తటి రబ్బరు, గాలి పోయే సందు లేదు. ఎల్పీజీ గాలి కన్నా బరువు, లీకైతే నేల మీదే పేరుకుంటుంది, కాబట్టి తలుపు అడుగున కంతలు పెట్టమన్నాను. "లుక్ పోతుంది మేడమ్" అన్నాడు. ఇల్లు పోతే లుక్ ఎక్కడ పెట్టుకోను?

చివరికి మేస్త్రి మాటే తేల్చింది. గట్టు వెడల్పు రెండడుగులు, తమరికి కన్నం కోస్తే ముందూ వెనకా మిగిలేది రెండు మూడంగుళాల పట్టీ. మా బండ పొరల రాయి, మూలల్లో చీలుతుందని అతని భయం. చీలకపోయినా, తమరు పాడైన రోజు ఇంకో కంపెనీ హాబ్ తెద్దామంటే దాని కొలత వేరు. అంటే తమరు పోయినా తమరి కన్నం మమ్మల్ని ఏలుతుంది.

కాబట్టి కన్నం కోయొద్దని చెప్పేశాను. షోరూంలో వెనక మూలన, ధర చీటీ కూడా సరిగ్గా అంటించని కాళ్లున్న స్టీలు స్టవ్ ఒకటి చూశాను. మూడు బర్నర్లు, ఇత్తడివి, స్టాండు కాళ్లు పళ్లెం గుంతల్లో కూర్చున్నాయి. ఆదివారం మా అత్తను తీసుకుని వస్తాం, సంగటి గిన్నె, కట్టె కూడా తెస్తాం. కుర్రాడికి చెప్పి ఆ మూలన కాస్త చోటు చేయించండి.

ఇట్లు,
తమరిని చూసి వెళ్లిన పార్టీ