ఏ వ్యవధిలో కొలిచిన వ్యాప్తి?

చిక్కటి కొల్లాయిడ్‌లో (సన్నటి కణాలు ద్రవంలో తేలుతుండే మిశ్రమంలో) స్నిగ్ధత, అంటే ప్రవాహానికి ద్రవం చూపే నిరోధం, పెరుగుతుంది కాబట్టి కణాల వ్యాప్తి, అంటే అవి అటూఇటూ కదులుతూ చెదిరిపోవడం, తగ్గుతుందని మీరు రాసిన వ్యాసంలో గ్రాఫు వేసి ఒక్క ముక్కలో తేల్చేశారు. అసలు కథంతా అక్కడే ఉంది కదండీ! 1905లో ఐన్‌స్టీన్ వ్యాప్తికి ఇచ్చిన సూత్రం ఒంటరి కణానికి. నీళ్లలో ఒక మైక్రాన్ వ్యాసమున్న గోళానికి, గది ఉష్ణోగ్రత దగ్గర, వ్యాప్తి గుణకం (వ్యాప్తి ఎంత జోరుగా ఉందో చెప్పే సంఖ్య) సెకనుకు సుమారు 0.4 చదరపు మైక్రాన్లు వస్తుంది. కణాలు కిక్కిరిసి ఉన్నప్పుడు మాత్రం ఎంతసేపు గమనించామన్నదాన్ని బట్టి జవాబే మారిపోతుంది.

అతి తక్కువ వ్యవధిలో కణం పక్కవాటిని ఇంకా ఢీకొనదు. అయినా నెమ్మదిస్తుంది. అది కదిలితే మధ్యలోని ద్రవం కదలాలి, ఆ ద్రవానికి పొరుగు కణాలు అడ్డు. ఇంకాస్త ఆగి చూస్తే ఆ పొరుగువే పంజరంలా బిగించేస్తాయి. కణం ఉన్నచోటే కొట్టుకుంటుంది, సగటు వర్గ స్థానభ్రంశం (కణం జరిగిన దూరపు వర్గానికి సగటు) గ్రాఫు దాదాపు చదునైపోతుంది. పంజరం సడలాకే మళ్లీ వ్యాప్తి, అదీ నత్తనడకన.

గట్టి గోళాలు ఘనపరిమాణంలో 0.58 వంతు ఆక్రమించేసరికి ఈ దీర్ఘకాలిక వ్యాప్తి దాదాపు నిలిచిపోతుంది. దాన్నే కొల్లాయిడ్ గాజు అంటారు. తమాషా ఏమిటంటే, అప్పుడు కూడా పంజరం లోపలి కదలిక ఆగదు! గోళాలు అడ్డదిడ్డంగా పూర్తిగా కూరుకుపోయేది 0.64 దగ్గర కదా, అంచేత కాస్త చోటు మిగులుతుంది.

స్నిగ్ధత ఒక్కదానితో ఇదంతా తేలదు. ఇంతకీ మీ గ్రాఫులో వేసిన విలువలు ఏ వ్యవధిలో కొలిచినవి?