ఉరుము ఒకరిది, రాబడి ఇంకొకరిదా?

కర్నూలు, అనంతపురం, కడప కుర్రాళ్ల ర్యాప్ పాటలు ఇప్పుడు విదేశాల్లోని మన తెలుగు సంఘాల వేడుకల్లో కూడా మోగుతున్నాయి. సంతోషం. అయితే వాటి మీద మనలో జరిగే వాదన ఎప్పుడూ ఒక్కచోటే ఆగుతోంది: యాస సరిగ్గా పలికిందా, వేటకొడవళ్లూ సుమోలూ తప్ప వేరే సంగతే లేదా అని. ఆ వాదన ఉండాల్సిందే. కోసిగి, మంత్రాలయం వైపు కుటుంబాలకు కుటుంబాలు మిరప కోతలకు గుంటూరు వలస పోతాయి. రాయచోటి వైపు ఎన్నో ఇళ్లు కువైట్ డబ్బుతో నడుస్తాయి. ఇదంతా వదిలేసి సినిమా ఫ్యాక్షన్‌ను అరువు తెచ్చుకున్న పాటను సీమ పాట అనడానికి నోరు రాదు. కానీ యాసా కథా రెండూ సొంతమై, కింద నడిచే బీటు మాత్రం ఉరుము (జానపద చర్మవాద్యం) మోగే ఎవరి వీడియోలోంచో కోసుకొచ్చిందైతే? ఆ మాట ఎవరూ అడగడం లేదు.

హిప్‌హాప్ పుట్టిందే పాత రికార్డుల మీద, ఇక శాంపిల్‌కు, అంటే వేరేవాళ్ల రికార్డులోంచి కోసుకున్న ముక్కకు, అనుమతి ఏంటని కొందరు అంటారు. మొదటి సగం నిజం. 1973లో న్యూయార్క్ బ్రాంక్స్‌లో డీజే కూల్ హెర్క్ రికార్డుల్లోని డ్రమ్స్ ముక్కల్ని సాగదీస్తూనే నాట్యాలు నడిపించాడు. రెండో సగం 1991తో చెల్లిపోయింది. ఆ ఏడాది ర్యాపర్ బిజ్ మార్కీ శాంపిల్ కేసులో న్యూయార్క్ జడ్జి ‘దొంగిలించరాదు’ అన్న బైబిల్ ఆజ్ఞతోనే తీర్పు మొదలుపెట్టాడు. 2005లో ఒక అమెరికా అప్పీలు కోర్టు ఎంత చిన్న ముక్కకైనా లైసెన్సు కావాలంది. 2016లో ఇంకో అప్పీలు కోర్టు, వినేవాళ్లు పోల్చుకోలేనంత చిన్న ముక్కకు అక్కర్లేదంది.

అలాగని పైరసీ చట్టాలను బిగించేస్తే కళాకారుడు బాగుపడతాడని కూడా మేం నమ్మం. 2010 నవంబరులో అమెరికా ప్రభుత్వం పైరసీ పేరుతో డాజాజ్1 అనే హిప్‌హాప్ సైటును స్వాధీనం చేసుకుంది. ఫిర్యాదులో చూపించిన పాటల్ని ఆ సైటుకు పంపింది సంగీత కంపెనీల తరఫు మనుషులేనని తర్వాత బయటపడింది. ఏడాదికి పైగా ఉంచుకుని, ఏ కేసూ పెట్టకుండానే 2011 డిసెంబరులో తిరిగిచ్చేశారు. మన దేశంలో 2023లో సినిమాటోగ్రాఫ్ చట్టాన్ని సవరించి, థియేటర్లో దొంగతనంగా సినిమా చిత్రీకరించేవాళ్లకు మూడు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు పెట్టారు. సినిమా నిర్మాతకు అది ఉపయోగం. అనంతపురం జిల్లాలో ఉరుము వాయించే మనిషికి దానివల్ల ఒరిగిందేమీ లేదు.

ఆ మనిషి సంగతే చూద్దాం. ఉరుము చర్మం మీద పుల్లతో రుద్దినప్పుడు వచ్చే ఆ గుర్రుమనే మోతకు కీబోర్డులో సాటి లేదు. అందుకే బీటు కట్టేవాళ్లకు అది ఇష్టం. జాతర వీడియో ఒకటి డౌన్‌లోడ్ చేసి, నాలుగు సెకన్లు కోసి, తిప్పి తిప్పి వాడతారు. తాళం తరతరాలది, దానిమీద ఎవరికీ హక్కు లేదు, ఎవరైనా వాయించుకోవచ్చు. ఆ రికార్డింగు మాత్రం ఒకరిది. 1957 కాపీరైటు చట్టం ప్రకారం రికార్డింగుకు యజమాని దాన్ని పూనుకుని చేయించిన నిర్మాత, వాయించినవాళ్లు కాదు. వాయించినవాళ్లకు మిగిలేది 38ఏ, 38బీ సెక్షన్ల కింద ప్రదర్శకుల హక్కు: అనుమతి లేకుండా రికార్డు చేసి అమ్మకూడదు, పేరు చెప్పాలి, పరువు పోయేలా వక్రీకరించకూడదు. ఈ హక్కు 50 ఏళ్లు ఉంటుంది. జాతరలో వాయించే బృందాల్లో ఈ సంగతి తెలిసినవాళ్లు చాలా తక్కువ.

కోసుకు రావడం కన్నా బృందాన్ని పిలిచి వాయించుకోవడమే మేలు, పాటకూ అదే మంచిది. ఫోన్లో రికార్డు చేస్తే అది తనంతట తానే శబ్దాన్ని పెంచి తగ్గించి మోతను నలిపేస్తుంది. చిన్న రికార్డరు చాలు. 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ పెట్టి, మైకును మూడు నాలుగు అడుగుల దూరంలో, చర్మానికి సూటిగా కాకుండా రొంత పక్కకు తిప్పి ఉంచాలి. గట్టి దెబ్బకు కూడా మీటరు మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర ఆగాలి. ఎక్కువమంది చెడగొట్టేది ఆ తర్వాతే. ఉరుము వేగం నిలకడగా ఉండదు, ఊపు వచ్చేకొద్దీ పెరుగుతుంది. దాన్ని 90 బీపీఎం (నిమిషానికి 90 దెబ్బలు) గీతల మీదికి లాగితే రాపిడి ధ్వని సాగి బురదబురదగా వినిపిస్తుంది. సాఫ్ట్‌వేర్‌లో టెంపో మ్యాప్ (వేగం ఎక్కడ ఎంత మారిందో చూపే పటం) కట్టి, పాటనే ఉరుము వెంట నడిపించాలి. ర్యాప్ చెప్పేవాడికి కష్టమే, పడాలి.

బృందంతో చేసుకునే ఒప్పంద కాగితం రెండు పేజీలు దాటదు. తెలుగులోనే రాసుకోవాలి, బృందానికి చదివి వినిపించాకే సంతకాలు. ఏ పాటకు, ఏ హక్కు, ఎన్నేళ్లకు, ఏ దేశాలకు, ఎంత డబ్బుకు అన్నవి తప్పక ఉండాలి. గడువు రాయకపోతే కాపీరైటు చట్టం 19వ సెక్షన్ దాన్ని ఐదేళ్లే అనుకుంటుంది, దేశం రాయకపోతే ఇండియాకే పరిమితం. డల్లాస్‌లోనో సిడ్నీలోనో వినిపించాల్సిన పాటకు ఈ రెండో లోపం పెద్ద చిక్కు. ఆ రోజు కూలీ కాక, స్ట్రీమింగ్ రాబడిలో ఐదో వంతైనా బృందానికి రాసివ్వడం న్యాయమని మా అభిప్రాయం.

ఇక నెట్‌లో ‘ఫ్రీ బీట్’ అని కనిపించేది చాలాసార్లు ఫ్రీ కాదు, డబ్బు రాని వాడకానికే అనుమతి. లీజు బీటును, అంటే డబ్బు కట్టి వాడుకోవడానికి తీసుకునే బీటును, అదే ధరకు ఎంతమందికైనా ఇస్తారు. వాళ్లలో ఒకరు దాన్ని కంటెంట్ ఐడీలో (ఒకే ధ్వని ఉన్న వీడియోల్ని పట్టే యూట్యూబ్ ఏర్పాటు) ఎక్కించారంటే మిగతా అందరి వీడియోల రాబడి అతనికి మళ్లుతుంది. సొంతంగా, ప్రత్యేకంగా హక్కు లేని ధ్వనిని అక్కడ ఎక్కించకూడదని యూట్యూబ్ నిబంధన, అయినా ఎక్కిస్తారు. లీజు పత్రం చేతిలో ఉంటే అభ్యంతరం పెట్టండి, అవతలివాళ్లు 30 రోజుల్లో జవాబివ్వాలి. మీ పాటనే ఎవరైనా ఇండియా సైట్లో పెట్టేస్తే లాయరు లేకుండానే రాతపూర్వకంగా ఫిర్యాదు చేయొచ్చు. 2013 కాపీరైటు నిబంధనల ప్రకారం ఆ సైటు దాన్ని 36 గంటల్లో ఆపాలి. 21 రోజుల్లో మీరు కోర్టు ఉత్తర్వు తేకపోతే సైటు దాన్ని మళ్లీ తెరుచుకోవచ్చు కాబట్టి, ఆలోగా వాళ్లతో తేల్చుకోవాలి.

పాతది కదా అని ధీమా పడేవాళ్లకు ఒక్క ఉదాహరణ. తాళ్లపాక అన్నమయ్య సాహిత్యం అందరిదీ. కానీ అనంతపురం జిల్లా రాళ్లపల్లిలో పుట్టిన అనంతకృష్ణశర్మ గారు స్వరపరిచిన కీర్తనల వరసలు అలా కావు. ఆయన 1979లో కన్నుమూశారు, ఆ వరసల మీద హక్కు 2039 చివరిదాకా ఉంటుంది. పాడినవాళ్ల రికార్డింగు లెక్క మళ్లీ వేరు.

మన సంఘాలకు ఇక్కడ పని ఉంది. రానుపోను టికెట్లూ వేదికా ఇచ్చేది మనమే. యువజన పోటీ దరఖాస్తులో యాస గురించీ ఊరి గురించీ అడిగే చోటే ఇంకో రెండు గళ్లు చేర్చాలని సాంస్కృతిక కమిటీలను కోరుతున్నాం: బీటు ఎవరిది, దాని కాగితం ఏది; జానపద వాద్యం ఉంటే వాయించినవాళ్ల పేర్లేమిటి, వాళ్లకు ఎంత ముట్టింది. ఆ గళ్లు ఖాళీగా వచ్చిన దరఖాస్తును వెనక్కి పంపి, నింపి తెమ్మని నెల గడువివ్వాలి. బృందానికి ఇవ్వాల్సిన డబ్బు కుర్రాడి దగ్గర లేకపోతే ఆ ఖర్చు సంఘమే పెట్టుకోవాలి, ప్రయాణ ఖర్చుల పద్దులోనే.