రహస్యాలు తెలిసిన అభ్యర్థి

ఉక్రెయిన్ సైనిక నిఘా విభాగాన్ని 2020 ఆగస్టు నుంచి నడిపించిన కిరిలో బుదానొవ్ 2026 జనవరిలో అధ్యక్ష కార్యాలయ అధిపతి అయ్యారు. సైనిక చట్టం అమల్లో ఉన్నందున అక్కడ ఎన్నికలకు వీల్లేదు. అయినా కాబోయే అధ్యక్షుడెవరని అడిగే సర్వేల్లో ఆయన పేరు కొంతకాలంగా వినిపిస్తూనే ఉంది. ఆ దేశంలో నిఘా నుంచి రాజకీయాల్లోకి సాగే ఈ దారిన ముందే నడిచిన యెవ్‌హెన్ మార్చుక్ ప్రస్థానాన్ని ఈ సమయంలో గుర్తుచేసుకోవడం అవసరమని మేం భావిస్తున్నాం.

1941లో దొలినివ్కా అనే పల్లెలో పుట్టిన మార్చుక్ ఉక్రెయిన్, జర్మన్ భాషలు బోధించేందుకు చదువుకున్నారు. 1963లో డిగ్రీ పూర్తయిన ఏడాదే సోవియట్ గూఢచారి సంస్థ కేజీబీలో చేరారు. స్వాతంత్ర్యం వచ్చాక, 1991 నవంబరులో, కొత్త భద్రతా సంస్థ ఎస్‌బీయూకు ఆయనే తొలి అధిపతి. అసమ్మతివాదులను వేటాడిన వ్యవస్థలో పెరిగిన అధికారికి, ఆ అసమ్మతివాదులు కోరుకున్న దేశాన్ని కాపాడే పని అప్పగించారన్న మాట. కొత్త రాజ్యానికి అలాంటి అనుభవజ్ఞులు అవసరమయ్యారు. 1994 దాకా సాగిన ఆ బాధ్యతలో ఆయన చేసిన సేవను తక్కువ చేయలేం.

1995లో ప్రధాని అయ్యారు. మరుసటి ఏడాది మే నెలలోనే, సొంత రాజకీయ ప్రతిష్ఠ పెంచుకునే పనిలో ఉన్నారంటూ అధ్యక్షుడు లియొనీద్ కుచ్మా ఆయన్ను తొలగించారు.

మమ్మల్ని కలచివేసేది 1999 నాటి ఘట్టం. అధ్యక్ష ఎన్నికల్లో కుచ్మా పాలనను అత్యంత తీవ్రంగా దుయ్యబట్టిన వారిలో మార్చుక్ ఒకరు. కానివ్ పట్టణంలో మరో ముగ్గురు నేతలతో కలిసి ఉమ్మడి అభ్యర్థిని నిలపాలనుకున్నా ఆ ఐక్యత పోలింగ్ దాకా నిలవలేదు. అక్టోబరు 31న జరిగిన తొలి విడతలో ఆయనకు 8.13 శాతం, అంటే 21 లక్షలకు పైగా ఓట్లు వచ్చాయి. ఇవి కుచ్మా వద్దనుకున్నవారు వేసిన ఓట్లు. పది రోజులకే, రెండో విడతకు నాలుగు రోజుల ముందు, అదే కుచ్మా ఆయన్ను జాతీయ భద్రత, రక్షణ మండలి కార్యదర్శిగా నియమించారు. ఆయన ఒప్పుకున్నారు. రెండో విడతలో కుచ్మాకు ఎదురు నిలిచిన కమ్యూనిస్టు అభ్యర్థి సిమొనెంకో గెలవకూడదన్నది సమర్థకుల వాదన. అందులో కొంత నిజముండొచ్చు. కానీ ఆ 21 లక్షల మందిని ఎవరూ అడగలేదు. ఇది నమ్మకద్రోహమేనన్నది మా అభిప్రాయం.

ఏడాది తిరిగేసరికి కుచ్మా గదిలో రహస్యంగా రికార్డయిన సంభాషణలు బయటపడ్డాయి. వాటి వెనుక మార్చుక్ ఉన్నారని చాలామంది అనుమానించారు. అది ఎన్నడూ రుజువు కాలేదు. నిఘా అధిపతిగా పనిచేసిన నేతకు ఈ బెడద తప్పదు. ఎక్కడ రహస్యం పొక్కినా చూపులు ఆయనవైపే తిరుగుతాయి, నిర్దోషి అయినా సరే.

తర్వాత రక్షణ మంత్రిగా ఉంటూ, లెక్కల్లో వందలాది పాత క్షిపణుల జాడ దొరకడం లేదని 2004లో బహిరంగంగా చెప్పే ధైర్యం చూపారు. వృద్ధాప్యంలో, తూర్పు ఉక్రెయిన్‌లో పోరు ఆపేందుకు సాగిన మిన్స్క్ చర్చల్లో దేశం తరఫున కూర్చున్నారు. 2021 ఆగస్టులో కొవిడ్‌తో కన్నుమూశారు. ఎస్‌బీయూ మాజీ అధిపతి ఇహొర్ స్మెష్కో కూడా 2019 అధ్యక్ష ఎన్నికల్లో పోటీచేసి ఆరు శాతం ఓట్లు తెచ్చుకున్నారు.

నిఘా అధికారి రాజకీయాల్లోకి రాకూడదని మేం అనడం లేదు. యుద్ధంలో ప్రాణాలకు తెగించినవారికి ఆ హక్కు ఇంకా ఎక్కువే. అయితే ప్రత్యర్థుల గుట్టు తెలిసిన వ్యక్తి, ఆ ఫైళ్లు అందుబాటులో ఉన్న కుర్చీ నుంచి నేరుగా ప్రచార వేదిక ఎక్కకూడదు. మధ్యలో కొంత విరామాన్ని చట్టమే విధించాలి. ఫైళ్ల వినియోగంపై పార్లమెంటు కమిటీకి తనిఖీ అధికారం ఉండాలి. బుదానొవ్ నిజంగా బరిలోకి దిగితే, ఓడిన పక్షంలో ఎవరి ప్రభుత్వంలో చేరబోరో నామినేషన్ రోజునే ఉక్రెయిన్ ఓటర్లకు చెప్పాలి.