దీపం ఆర్పండి, గాంభీర్యం అదే వస్తుంది

దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోమన్నారు పెద్దలు. కామిక్స్‌లోంచి సూపర్‌హీరోని తెచ్చి ‘డార్క్’ సిరీస్ తీసేవాళ్ళ పద్ధతి వేరు. ముందు దీపం ఆర్పాలి. కథలో లోతు లేదని తెలిసిపోవాలంటే అసలు కథంటూ కనిపించాలి కదా!

ఎంత ఆర్పాలి? మామూలు 8 బిట్ల వీడియోలో నలుపు నుంచి తెలుపు దాకా వెలుగు మెట్లు 256కి మించవు. రాత్రి సీనంతా అడుగునున్న ఏ ఇరవై ముప్పై మెట్ల మీదో నడిపించెయ్యాలి. మిగతాది స్ట్రీమింగ్ కంప్రెషన్, అంటే నెట్‌లో పంపడానికి వీడియోని కుదించే పద్ధతి, చూసుకుంటుంది. నీడల్లో చిన్న చిన్న తేడాలు ఎవరికి కనపడొచ్చాయిలే అని వాటిని కలిపేస్తుంది. హీరో వెనక గోడ మీద నునుపుగా జారాల్సిన నీడ పట్టీలు పట్టీలుగా విడిపోతుంది. నల్లకోటు గడులు గడులుగా కదులుతుంది. ప్రేక్షకుడు లేచి కర్టెన్లు మూస్తాడు, బ్రైట్‌నెస్ పెంచుతాడు. దాంతో నలుపు కాస్తా బూడిదరంగుకి తిరిగి, పట్టీలు ఇంకా బాగా కనిపిస్తాయి. విలన్ మాత్రం కనిపించడు. దీన్నే ‘మూడ్’ అంటారు.

దీనికంతటికీ 2015 నాటి నెట్‌ఫ్లిక్స్ ‘డేర్‌డెవిల్’ని సాక్ష్యం తెస్తారు. అందులో హీరో మాట్ మర్డాక్‌కి చూపు లేదు, చుట్టూ ఉన్నదంతా మిగతా ఇంద్రియాలతోనే పసిగడతాడు; దీపం ఆరితే అతనికొచ్చే నష్టమూ లేదు. చూసేవాళ్ళకి ఆ శక్తి లేదన్న ముక్కే అనుకరించేవాళ్ళు మరిచారు. పైగా అందరూ చెప్పుకునే రెండో ఎపిసోడ్ కారిడార్ ఫైట్‌లో ఎవరు ఎవర్ని కొడుతున్నారో శుభ్రంగా తెలుస్తుంది. కెమెరా కారిడార్ వదిలిపోదు. కొన్ని దెబ్బలు పక్కగదుల్లో పడతాయి, మనకి దక్కేది చప్పుడే. తలుపులోంచి ఓ మైక్రోవేవ్ ఎగిరొస్తుంది. హీరో ఆయాసపడి గోడకి చేరగిలబడతాడు. పడ్డ రౌడీలు మళ్ళీ లేస్తారు. ఆ అలసట తెర మీదికి రావాలంటే నటుడు, ఫైట్ మాస్టర్, కెమెరామన్ ముగ్గురూ చెమటోడ్చాలి. చీకటికైతే స్విచ్ చాలు.

ఇక దుస్తులు. 1964లో తొలి కామిక్ సంచికలో ఇదే డేర్‌డెవిల్ పసుపు బట్టల్లో ఏ మొహమాటమూ లేకుండా తిరిగాడు. ఏడో సంచికకి ఎర్రబట్టలొచ్చాయి. టీవీలో ఆ ఎరుపు కోసం 13 ఎపిసోడ్ల సీజన్‌లో పదమూడోదాని దాకా ఆగాలి. కామిక్స్ బిడ్డనని ఒప్పుకోవడానికి అంత సిగ్గు! తీరా వచ్చింది ముదురు ఎరుపు. రాత్రిపూట దానికీ నలుపుకీ తేడా తెలియాలంటే మళ్ళీ రిమోట్ వెతుక్కోవాలి.