లాగుతుంది సరే, ఆగుతుందా?

పన్నెండు వందలు. ఈ అంకె వినబడగానే గౌరవంగా తల ఊపాలని డాలస్ ఉత్తరాన ఉన్న మన తెలుగు కాలనీల్లో కొత్త ఆచారం మొదలైంది. ఫోర్డు సూపర్ డ్యూటీ పికప్ ట్రక్కులో వచ్చే హై అవుట్‌పుట్ డీజిల్ ఇంజను టార్కు, అంటే చక్రం తిప్పే బలం అది, 1,200 పౌండ్-ఫీట్లు. గృహప్రవేశమైనా, పిల్లల పుట్టినరోజైనా, సత్యనారాయణ వ్రతమైనా సరే, ప్రసాదం ఇంకా చేతిలో ఉండగానే ఎవరో ఒకరు ఆ అంకె ప్రకటిస్తారు. ప్రకటించినాయన ట్రక్కు గ్యారేజీ బయట ఉంటుంది, లోపల పట్టదు కాబట్టి. "ఎంత లాగుతుందన్నా?" అని పక్కాయన అడుగుతాడు. ఇక ఆ గంట మనది కాదు.

ఎంత లాగుతుందన్నా? ఈ మూడు ముక్కలు విని విని నాకు విసుగెత్తింది. ఇన్ని పూజల్లో, ఇన్ని పార్టీల్లో "అంత బరువు వెనక తగిలించుకుని ఎలా ఆపుతావన్నా?" అని అడిగిన మగాణ్ణి నేనింతవరకు చూడలేదు.

మనవాళ్ళని తప్పుపట్టి లాభం లేదు. ఒంగోలు గిత్తల బండలాగుడు పందేలు చూసి పెరిగిన జాతి మనది. అక్కడ రెండు పళ్ళు, నాలుగు పళ్ళు, ఆరు పళ్ళ విభాగాలుంటే ఇక్కడ 250, 350, 450 అని ట్రక్కు మోడళ్ళున్నాయి. అక్కడ నిర్ణీత సమయంలో ఎన్ని అడుగులు లాగాయో టేపు పెట్టి కొలుస్తారు. ఇక్కడ కంపెనీవాడే కొలిచి, కంపెనీవాడే ఈల వేసి, కంపెనీవాడే షీల్డు పుచ్చుకుంటాడు. 1989 మోడల్ డాడ్జ్ పికప్‌లో కమిన్స్ డీజిల్ మొదటిసారి వచ్చినప్పుడు దాని టార్కు 400. అప్పట్లో అదే మహాబలం. 2019లో ఆ డాడ్జ్ పికప్ వారసుడు రామ్ వెయ్యి తాకింది. మరుసటి మోడల్‌కే ఫోర్డు 1,050 అంది. రామ్ 1,075 అంది. ఇలా పాతికా యాభై పెంచుకుంటూ పోతే తెమలదని ఫోర్డు 2023లో ఏకంగా 1,200 అనేసింది. షెవీ 975 దగ్గర బుద్ధిగా ఆగింది, అందుకే మా కాలనీలో షెవీవాళ్ళు కాస్త తల వంచుకుని తిరుగుతున్నారు. అయితే బండలాగుడులో ఒక న్యాయం ఉంది. అంతా చదును నేల మీదే. బండ కట్టి కొండ దిగమని గిత్తల్ని ఎవరూ అడగరు.

మనవాళ్ళు కంఠస్థం చేసిన మరో అంకె 40,000. ఎఫ్-450 అన్ని పౌండ్లు, అంటే 18 టన్నులు లాగుతుందట. అబద్ధం కాదు. కాకపోతే ఆ అంకె రెండు తలుపుల, టూ వీల్ డ్రైవ్ బండిది. ముందు ఒకే వరుస సీట్లు, వెనక ఎవరూ ఉండరు. అలాంటిది కొన్నవాణ్ణి మా చుట్టుపక్కల చూపిస్తే పాదపూజ చేస్తాను. మనం కొనేది నాలుగు తలుపులు, ఫోర్ వీల్ డ్రైవ్, పైన అద్దాల కప్పు, లోపల తోలు సీట్లు. అయినా నోట్లోంచి వచ్చేది మాత్రం 40,000.

లాగుడు అంకెలకి ఒక పద్ధతి కూడా ఉంది. వాహన ఇంజనీర్ల సంఘం పెట్టిన ఆ పరీక్షని ఎస్ఏఈ జె2807 అంటారు. అరిజోనాలో డేవిస్ డ్యామ్ దగ్గర మొదలయ్యే ఎత్తైన దారి ఉంది. నూరు డిగ్రీల ఫారెన్‌హీట్ ఎండలో, ఏసీ పూర్తిగా పెట్టుకుని, ట్రైలరుతో ఆ కొండ ఎక్కాలి. మామూలు పికప్ అయితే వేగం గంటకు 40 మైళ్ళకి తగ్గకూడదు, వెనక జంట చక్రాలున్నదైతే 35. బాగానే ఉంది. మరి బండిలో ఎవరున్నట్టు లెక్క? ఇద్దరు మనుషులు, ఒక్కొక్కరు 150 పౌండ్లు, అంటే 68 కిలోలు. ఆ ఇద్దరూ ఎవరో గానీ మా కాలనీవాళ్ళు మాత్రం కాదు.

ఇక గేర్‌బాక్సు పండితులు. వీళ్ళలో మూడు శాఖలు. పది గేర్ల శాఖకి సంఖ్యే మోక్షం. ఫోర్డు, షెవీ రెండూ హెవీ డ్యూటీ డీజిల్‌లో 2020 మోడల్ నుంచి పది గేర్లకి మారాయి. షెవీ గేర్‌బాక్సు మీద గేర్‌బాక్సులకి పేరుమోసిన అల్లిసన్ కంపెనీ పేరుంటుంది, తయారుచేసేది మాత్రం షెవీ మాతృసంస్థ జీఎం. ఈ మాట అల్లిసన్ భక్తుల ఎదుట అనకండి, భోజనం సగంలో లేచి వెళ్ళిపోతారు. రామ్ శాఖ నిన్నమొన్నటిదాకా ఆరు గేర్లతోనే సరిపెట్టుకుని "బలమున్నవాడికి ఇన్ని గేర్లెందుకు?" అని వాదించింది. 2025 మోడల్‌కి కంపెనీ ఎనిమిది గేర్లు ఇవ్వగానే ఎనిమిదే శాస్త్రోక్తమని రాత్రికి రాత్రి గ్రహించింది. మూడోది మాన్యువల్ శాఖ. క్లచ్ తొక్కకుండా బండి నడిపేవాడు మగాడే కాదని వీరి సిద్ధాంతం. రామ్‌లో 2018తో మాన్యువల్ ఆగిపోయిందని ఇప్పటికీ సంతాపంలో ఉన్నారు. ఆ ఆఖరి ఏడాది ఆటోమేటిక్‌తో 930 పౌండ్-ఫీట్ల దాకా ఇచ్చిన ఇంజనుని మాన్యువల్‌తో 660 దగ్గరే కట్టేశారన్న సంగతి చెబితే "ఫీలింగ్ ముఖ్యం బ్రో" అంటారు.

ఈ పండితులెవరికీ పట్టని విషయం ఒకటే, దిగుడులో ఆ గేర్‌బాక్సు ఏం చేస్తుందన్నది. బరువు లాగేటప్పటి టో-హాల్ బటన్ నొక్కితే అది కింది గేరు పట్టుకుంటుంది. పొగ బయటికి పోయే దారిని బిగించే ఎగ్జాస్ట్ బ్రేకు దానికి తోడవుతుంది. బండి జోరందుకోకుండా ఇంజనే వెనక్కి పట్టి ఉంచుతుంది, చక్రాల దగ్గరి బ్రేకులు వేడెక్కవు. పెట్రోలు మోడల్ మీద దాదాపు పది వేల డాలర్లు ఎక్కువ పోసి డీజిల్ కొనడానికి నాకు కనిపించే మంచి కారణం ఇదే. ఆ బటన్ ఎక్కడుందో ఒక ఆసామిని అడిగితే వైపర్ వేసి చూపించాడు.

అసలు లాగడానికి ఏమీ లేనివారి కథ వేరు. వీరి హిచ్‌లో, అంటే ట్రైలరు తగిలించే చోట, ట్రైలరు బదులు టెక్సస్ నక్షత్రం ఉన్న మూత ఉంటుంది. ట్రక్కు చేసే హెవీ డ్యూటీ ఏమిటంటే పొద్దున పిల్లల స్కూలు, సాయంత్రం ఇండియన్ స్టోరు, కరివేపాకు. డీజిల్ పొగలోని మసిని పట్టే ఫిల్టరు ఒకటుంటుంది. అది నిండాక బాగా వేడెక్కి, మసిని కాల్చేసి తనంతట తాను శుభ్రపడాలి. దాన్ని రీజెన్ అంటారు. అది సవ్యంగా జరగాలంటే బండి హైవే మీద ఆగకుండా కొంతసేపు పరుగెత్తాలి. కరివేపాకు దూరానికి ఆ వేడి రాదు. పదే పదే మధ్యలో ఆగిపోతుంటే డ్యాష్‌బోర్డు మీద హెచ్చరిక వస్తుంది.

దాంతో శనివారం ఒక పవిత్ర కార్యం ఏర్పడింది. "ఎక్కడికి?" అంటుంది ఇల్లాలు. "రీజెన్‌కి" అంటాడు, ఆఫీసు పని మీద వెళ్తున్నవాడి గాంభీర్యంతో. ఫిల్టరు శుభ్రం కావడానికి ఒక్కడు చాలు, కానీ నలుగురు వెళ్తారు. ఫ్లాస్కులో టీ, కవర్లో పల్లీలు. వెనక పెట్టె ఖాళీ, ట్రైలరు లేదు. నలుగురు ఇంజనీర్లు ఐ-35 మీద ఉత్తరానికి, ఎవరూ ఏమీ ఇవ్వని చోటికి, ఏమీ తేవలసిన పని లేకుండా బయల్దేరతారు. గెయిన్స్‌విల్ వచ్చేసరికి హెచ్చరిక పోతుంది. వెనక్కి తిరగొచ్చు. కానీ సగంలో ఆపితే ఫిల్టరుకి మంచిది కాదని అందులో సీనియర్ చెబుతాడు. రెడ్ రివర్ దాటితే ఓక్లహోమా. ఓక్లహోమాలో కాలు పెట్టగానే థాకర్‌విల్. థాకర్‌విల్‌లో పెద్ద క్యాసినో. ఇంజనుకి కాస్త విశ్రాంతి ఇవ్వాలి కదా! చీకటి పడ్డాక ఫిల్టరూ పర్సూ రెండూ శుభ్రంగా కడిగినట్టయి ఇల్లు చేరతారు. ఈమధ్య రీజెన్ వారం వారం అవసరమవుతోందని, ఇంజనులో ఏదో పెద్ద తేడా ఉందని ఇళ్ళలో గుసగుసలు మొదలయ్యాయి. వారంటీలో చూపించమని ఇల్లాలు అడిగితే, డీలరుకి తెలియదు, ఇది డ్రైవింగ్‌తోనే నయమవుతుంది అన్నాడట.

ఈ ట్రక్కు యూరియా కూడా తాగుతుంది. పొగలోని విషవాయువుల్ని తగ్గించడానికి డెఫ్ అనే ద్రవం పోయాలి, అందులో 32.5 శాతం యూరియా, మిగతాది నీళ్ళు. వాల్‌మార్ట్‌లో డబ్బాలు డబ్బాలుగా దొరుకుతుంది. 2025 వానాకాలంలో తెలంగాణ పల్లెల్లో రైతులు యూరియా బస్తా కోసం చెప్పులు వరసలో పెట్టి రాత్రిళ్ళు కాపలా కాసిన రోజుల్లోనే, మా వాట్సాప్ గ్రూపులో ఒకాయన డెఫ్ డబ్బా ధర రెండు డాలర్లు పెరిగిందని కన్నీళ్ళు పెట్టుకున్నాడు. ఆయనకి ఊళ్ళో నాలుగెకరాలు ఉన్నాయి, కౌలుకిచ్చాడు. ఈ బాధ పడలేక కొందరు ఫిల్టరూ డెఫ్ సరంజామా అంతా పీకించేసి "డిలీట్ చేయించా" అని గర్వంగా చెప్పుకుంటారు. అది చట్టవిరుద్ధం. పొగ లెక్కల్లో మోసం చేసిందన్న కేసులో కమిన్స్ కంపెనీ 167.5 కోట్ల డాలర్ల జరిమానాకి ఒప్పుకున్న సంగతి చెప్పినా వాళ్ళు నల్లపొగ వీడియో పెట్టడం మానరు.

సరే, వీళ్ళు నయం. ఖాళీ బండి తిప్పుతారు, చిల్లుపడేది సొంత జేబుకే. నిజంగా తగిలించుకుని బయల్దేరేవాళ్ళ దగ్గరే అసలు భయం. డ్రైవరు తలుపు తెరిస్తే అంచున పసుపూ తెలుపూ స్టిక్కరు ఉంటుంది. మనుషులూ సామానూ కలిపి ఈ బరువు దాటకూడదు అని దాని మీద రాసి ఉంటుంది. అదే పేలోడ్. హంగులున్న ఎఫ్-250 డీజిల్‌లో అది 2,200 పౌండ్లు అనుకుందాం. డీజిల్ ఇంజనే బరువు, దానికి సన్‌రూఫ్ తోడు. హోదా పెరిగిన కొద్దీ ఆ అంకె తగ్గుతుంది. ఇప్పుడు మనవాడు 14,000 పౌండ్ల ఫిఫ్త్ వీల్ ట్రైలరు, అంటే ట్రక్కు వెనక పెట్టెలోనే తగిలించే రకం, కొన్నాడు. ట్రక్కు అంతకన్నా ఎక్కువే లాగుతుందని బ్రోషర్లో ఉంది. కానీ ఆ రకం ట్రైలరు బరువులో ఐదో వంతు నుంచి పావు వంతు దాకా ట్రక్కు నడుం మీదే కూర్చుంటుంది. ఐదో వంతే అనుకున్నా 2,800. అంటే ఇంట్లోంచి ఎవరూ బయటకి రాకముందే 600 పౌండ్లు ఎక్కువ.

అప్పుడు ఎక్కుతారు. ముందు ఇద్దరు, వెనక ఇద్దరు పిల్లలు, విజయవాడ నుంచి ఆరు నెలలు ఉండటానికి వచ్చిన అమ్మానాన్నలు. సోనా మసూరి బస్తా. గ్రైండరు, ఎందుకంటే కొలరాడోలో ఇడ్లీ దొరకదు. ఆవకాయ, గోంగూర, మాగాయ. ట్రక్కు వెనక భాగం కుంగి, ముందు దీపాలు చుక్కల్ని చూస్తుంటాయి. దానికి మందు కూడా ఉంది, స్ప్రింగుల దగ్గర ఎయిర్ బ్యాగులు. గాలి కొట్టగానే బండి లేచి సమంగా నిలబడుతుంది. బరువు ఎక్కడికీ పోదు, కనబడటం మానేస్తుందంతే. యాక్సిలుకీ టైరుకీ మాత్రం తెలుసు. ట్రక్ స్టాపులో కాటా వేయిస్తే పిజ్జా డబ్బులు కూడా అవ్వవు. వేయించరు. డీలరు దగ్గర సేల్స్‌మ్యాన్ "ఏం పర్లేదు, హాయిగా లాగేస్తుంది" అన్నాడు కదా.

ఇక్కడినుంచి నాకు నవ్వు రావడం లేదు. డెన్వర్ పైన ఐ-70 మీద ఐసెన్‌హోవర్ సొరంగం ఉంది, 11,000 అడుగులకి పైన. దాటాక దిగుడే, కొన్నిచోట్ల ఏడు శాతం వాలు. ఆ రోడ్డు పక్కన ఇసుకా కంకరా పోసిన ర్యాంపులు ఎందుకున్నాయో తెలుసా? బ్రేకులు కాలిపోయిన బండ్లు దూకడానికి. 2019 ఏప్రిల్‌లో అదే ఐ-70 మీద, కొండ దిగువన లేక్‌వుడ్ దగ్గర, బ్రేకులు పోయిన లారీ ఆగి ఉన్న ట్రాఫిక్‌లోకి దూసుకెళ్ళింది. నలుగురు చనిపోయారు. ఆ డ్రైవరుకి కమర్షియల్ లైసెన్సు ఉంది. మన ఆసామికి ఏముంది? కారు లైసెన్సు. ట్రక్కూ ట్రైలరూ కలిపి అనుమతించిన బరువు 26,000 పౌండ్లు దాటి, అందులో ట్రైలరుదే 10,000 దాటితే, సొంత విహారానికైనా టెక్సస్‌లో క్లాస్ ఏ లైసెన్సు కావాలి. వెనక జంట చక్రాలున్న ఎఫ్-350కి 14,000 ట్రైలరు తగిలిస్తే లెక్క అక్కడికి వచ్చేస్తుంది. ఆ పరీక్ష రాశావా అని అడిగాను. "అది లారీవాళ్ళకి కదా" అన్నాడు. ట్రైలరు బ్రేకులు ఎప్పుడు చూపించావన్నాను. ట్రైలరుకి బ్రేకులుంటాయా అని అడిగాడు! వెనక సీట్లో నీ పిల్లలున్నారురా. ముందు వెళ్తున్న చిన్న కారులో ఇంకెవరి పిల్లలో ఉన్నారు. నీ 1,200 పౌండ్-ఫీట్లు వాళ్ళనేం చేసుకోమంటావు? నలభై వేలని టీవీలో కొండంత అక్షరాలతో చూపించి, ప్రాణం కాపాడే అంకెని తలుపు సందులో అతికించిన కంపెనీలకి సిగ్గు లేదు. ఆ సందు తెరిచి చూపించకుండా తాళాలు చేతిలో పెట్టే అమ్మకందారుకీ లేదు. చదువుకున్నాం, కోడు రాస్తాం, అమెరికాలో ఇల్లు కట్టాం, ఒక్క తీసివేత లెక్క చెయ్యలేమా?

కిందటి వారం ఈ కోపంలోనే ఒకాయన్ని పక్కకి పిలిచి, కొలరాడో బయల్దేరే ముందు తలుపు అంచున ఆ స్టిక్కరు ఒక్కసారి చూడండి అని బతిమాలాను.

"అదా అండీ," అన్నాడు, "సెరామిక్ కోటింగ్ వేయించిన రోజే పీకించేశాను. లుక్ పోతోంది."