కారులో తల్లి ఒడి బిడ్డకు రక్షణ ఇవ్వదు

పుట్టువెంట్రుకలు తీయించడానికి తిరుమలకో కదిరికో బండి మాట్లాడుకుంటే ముందు సీటు ఎవరిదో అడగక్కర్లేదు. చంటిబిడ్డతో తల్లిని అక్కడే కూర్చోబెడతాం, గాలి బాగా తగులుతుందని. కారులో బిడ్డకు అంతకంటే ప్రమాదకరమైన చోటు లేదు.

లెక్క చూడండి. గంటకు 50 కిలోమీటర్ల వేగంతో వెళ్తున్న కారు దేన్నో గుద్ది సెకనులో పదో వంతులో ఆగిపోతే, 10 కిలోల బిడ్డను పట్టుకోవడానికి దాదాపు 140 కిలోల బరువును ఆపేంత బలం కావాలి. వేగం 80 అయితే 225 కిలోలు. ఏ తల్లి చేతులకూ అంత బలం ఉండదు. ఆమె బెల్టు పెట్టుకోకపోతే ఆమె ఒళ్లే బిడ్డను డ్యాష్‌బోర్డుకేసి నలిపేస్తుంది. ఇద్దరికీ కలిపి ఒకే బెల్టు వేసినా నలిగేది బిడ్డే. పైగా ఎదురుగా ఎయిర్‌బ్యాగ్, గంటకు 200 కిలోమీటర్లు దాటిన వేగంతో విచ్చుకుని నేరుగా బిడ్డ తలకు తగులుతుంది.

కారు సీటుకు బిగించి బిడ్డను పట్టీలతో కూర్చోబెట్టే చైల్డ్ సీటు ఖరీదని, అందులో పిల్లలు ఏడుస్తారని అంటారు. సన్‌రూఫ్ కోసం పై వేరియంట్ కొనే ఇంట్లో ఖర్చు మాట నిలవదు. ఏడుపు నాలుగు ప్రయాణాల్లో అలవాటైపోతుంది.

కనీసం 15 నెలలు నిండేదాకా బిడ్డ వెనక సీటుకు బిగించిన చైల్డ్ సీటులో, కారు వెనక వైపుకు ముఖం పెట్టి కూర్చోవాలి. పసిబిడ్డకు తల పెద్దది, మెడ లేతది. అలా కూర్చుంటే దెబ్బ వీపంతా పరుచుకుంటుంది, మెడ మీద పడదు. బిగించాక, కారు బెల్టు దూరే చోట చైల్డ్ సీటును పట్టుకుని ఊపండి. అంగుళం మించి కదిలితే బిగింపు చాలలేదని అర్థం. భుజం దగ్గర పట్టీని రెండు వేళ్లతో గిల్లితే మడత అందకూడదు. దుప్పటి చుట్టి దానిమీద పట్టీలు వేయొద్దు, వేశాక కప్పండి. అనంతపురం ఎండలో నిలిపిన కారులో బకిల్ చుర్రుమంటుంది. గుడ్డ కప్పి దిగండి, ఎక్కించే ముందు తాకి చూడండి.

కాస్త పెద్దపిల్లలకు కారు బెల్టే వేస్తే, వీపు ఆనించి కూర్చున్నప్పుడు మోకాళ్లు సీటు అంచు దగ్గర వంగాలి, కింది పట్టీ తొడల మొదట్లో, పై పట్టీ భుజం మధ్యన ఉండాలి. కుదరకపోతే కింద ఎత్తు పెంచే బూస్టర్ సీటు వేయాల్సిందే. మెడకు ఒరుసుకుంటోందని పై పట్టీని వీపు వెనక్కి నెట్టేస్తే ఒళ్లు నడుం దగ్గర మడతపడి పేగులు, వెన్నెముక దెబ్బతింటాయి.

14 ఏళ్లలోపు పిల్లలకు బెల్టో చైల్డ్ సీటో లేకపోతే 1,000 రూపాయల జరిమానా అని మోటారు వాహనాల చట్టంలో 2019 సవరణతో వచ్చిన 194బి సెక్షన్ చెబుతోంది. 2022 సెప్టెంబరులో వెనక సీటులో బెల్టు లేకుండా కూర్చున్న టాటా సన్స్ మాజీ ఛైర్మన్ సైరస్ మిస్త్రీ కారు ప్రమాదంలో చనిపోయాక దేశమంతా దీని గురించే మాట్లాడింది. తర్వాత మరిచిపోయాం.

జరిమానా ఒక్కటే చాలదు. సొంత కారు లేనివారు చైల్డ్ సీటు ఎక్కడ బిగించాలి? 44వ నంబరు జాతీయ రహదారి మీద తిరిగే అద్దె బండ్లలో వెనక బకిళ్లు సీటు కవర్ల కిందే నలుగుతుంటే బెల్టు ఎలా పెట్టుకోవాలి? ఫిట్‌నెస్ సర్టిఫికెట్ ఇచ్చే ముందు ప్రతి సీటు బెల్టునూ లాగి, బకిల్‌లో పెట్టి చూడాలి. కాన్పయ్యాక తల్లీబిడ్డలను ఇంటికి చేర్చే తల్లీబిడ్డ ఎక్స్‌ప్రెస్‌ను నడిపేది ప్రభుత్వమే. కర్నూలు, అనంతపురం సర్వజన ఆసుపత్రుల నుంచి, కడప రిమ్స్ నుంచి బయల్దేరే ప్రతి బండిలో శిశువు సీటు ఉండాలి. డిశ్చార్జి కాగితం ఇచ్చే ముందే దాన్ని ఎలా బిగించాలో నర్సు తల్లికి చూపించాలి.