మేమేం చెప్పామో మాకు చదివి వినిపించరా?

మా మండలంలో సున్నపురాయి గని విస్తరణపై నిన్న జరిగిన ప్రజాభిప్రాయ సేకరణ సభ నుంచి ఇంటికొచ్చినా కోపం చల్లారక ఇది రాస్తున్నాను. 40 మందికి పైగా మాట్లాడారు. చివరి మనిషి కూర్చోగానే వేదిక మీది నుంచి "అందరి అభిప్రాయాలూ నమోదు చేసుకున్నాం, పైకి పంపిస్తాం" అన్న ఒక్క మాట వినిపించింది, మైకు ఆగిపోయింది. నేను లేచి, నమోదు చేసుకున్నది ఒకసారి చదివి వినిపించండి అని అడిగాను. "అది ఆఫీసులో టైపు చేయిస్తామండీ" అన్నారు. నేనింకా నిలబడి ఉండగానే షామియానా కుర్రాళ్లు కుర్చీలు ఒకదానిలో ఒకటి పెట్టి వ్యానులోకి ఎక్కించడం మొదలుపెట్టారు.

చదివి వినిపించమని నేను దయ కోరలేదు. 2006 సెప్టెంబరు 14న కేంద్రం జారీ చేసిన పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ ప్రకారం, సభ ముగిసే ముందు అక్కడ జరిగిన దాని సారాంశాన్ని స్థానిక భాషలో అందరికీ చదివి వినిపించి, వివరించి, సభ అంగీకరించిన ఆ సారాంశం, అంటే మినిట్స్ మీద సంబంధిత అధికారి అదే రోజు సంతకం చేయాలి. ఆ తరువాత వాటిని పంచాయతీ కార్యాలయంలో అందరికీ కనిపించేలా పెట్టాలి. మీ ఊళ్లో ఎప్పుడైనా అలా గోడ మీద చూశారా? నేను చూడలేదు.

మా వీధి చివరి పెద్దాయన నిన్న మైకు రెండు చేతులతో పట్టుకుని, పేలుళ్లు మొదలయ్యాక తన బోరులో నీళ్లు ఎలా అడుగంటాయో, గోడ పగుళ్లలో సిమెంటు ఎన్నిసార్లు పూశాడో చెప్పాడు. ఆ మాటలు కాగితం మీద "నీటి సమస్యను ప్రస్తావించారు" అని మారితే ఆయనకు తెలిసేదెలా? అక్కడికక్కడే చదివి ఉంటే "నేనన్నది అది కాదు" అని ఆయన అడ్డుపడేవాడు. ఆ ఒక్క అవకాశాన్నీ లాగేసుకున్నారు. ఇదే గనికి గతంలో జరిగిన సభ మినిట్స్‌ను సమాచార హక్కు కింద తెప్పించుకుంటే, ఆ రోజు నేనే స్వయంగా విన్న అభ్యంతరాలు అందులో లేవు. ఉపాధి కోరుతూ స్థానికులు స్వాగతించారని మాత్రం ఉంది. ఆ కాగితం ఇప్పటికీ నా బీరువాలో ఉంది.

అసలు చదవడానికి ముందే మనల్ని బయట నిలబెడుతున్నారు. గని వల్ల పర్యావరణం మీద పడే ప్రభావాన్ని చెప్పే వందల పేజీల నివేదిక ఇంగ్లీషులో ఉంటుంది, తెలుగులో సారాంశం మాత్రమే దొరుకుతుంది. పేలుడు ప్రకంపనల గురించి అందులో ఉన్నది ఒక్క వాక్యం. 2020లో ఆ నోటిఫికేషన్‌ను మారుస్తూ కొత్త ముసాయిదా తెచ్చినప్పుడు, లాక్‌డౌన్‌లో దేశమంతా ఇళ్లలో ఉన్న రోజుల్లో, దాన్ని ఇంగ్లీషు, హిందీల్లోనే ఉంచి అభిప్రాయాలు చెప్పమన్నారు. రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని 22 భాషల్లోకి పది రోజుల్లో అనువదించాలని జూన్ 30న ఢిల్లీ హైకోర్టు ఆదేశిస్తే, కేంద్రం అనువదించడం మాని సుప్రీంకోర్టుకు వెళ్లింది. తెలుగులో చదివి అభిప్రాయం చెబుతామనడం అంత పెద్ద నేరమా? ఆ ముసాయిదాలోనే సభకు ముందు ఇచ్చే నోటీసు గడువును 30 రోజుల నుంచి 20కి తగ్గించాలన్న ప్రతిపాదన ఉంది. ఆ మంట నాకు ఇంకా తగ్గలేదు.

చేయాలనుకుంటే చేయలేక కాదు. 2013లో సుప్రీంకోర్టు ఆదేశంతో ఒడిశాలోని నియమగిరి కొండల్లో 12 గ్రామసభలు జిల్లా జడ్జి సమక్షంలో జరిగాయి. అక్కడి గిరిజనులైన డోంగ్రియా కోందులు తమ భాషలో తమ మాట చెప్పారు, 12 సభలూ బాక్సైట్ తవ్వకం వద్దన్నాయి, మరుసటి ఏడాది కేంద్రం అనుమతి నిరాకరించింది. అక్కడ విన్నవాళ్లకు ఇక్కడ వినడానికి అడ్డేమిటి? చట్టాల ముసాయిదాలను కనీసం 30 రోజులు ప్రజల ముందుంచి, వచ్చిన అభిప్రాయాల సారాంశాన్ని వెబ్‌సైట్‌లో పెట్టాలని 2014లో కేంద్రమే విధానం రాసుకుంది. అభిప్రాయం తీసుకున్నవాళ్లు దాన్ని ఏం చేశారో తిరిగి చెప్పాలన్న బాధ్యత అందులోనే ఉంది. ఆ బాధ్యత మా ఊరి షామియానా దాకా రాలేదు.

నిన్న మాట్లాడిన ప్రతి ఒక్కరికీ నా మనవి. మీరు అన్న మాటను మీ మాటల్లోనే రెండు తెల్లకాగితాల మీద రాసి, తేదీ వేసి, సోమవారం ఉదయం పది గంటలకల్లా పంచాయతీ కార్యాలయం దగ్గరికి తీసుకురండి. రాయడం రానివాళ్లవి నేను రాసిపెడతాను. అక్కడి నుంచి అందరం కలిసి కలెక్టరేట్‌కు వెళ్లి, ఒక ప్రతి ఇచ్చి, రెండో ప్రతి మీద ముట్టినట్టు ముద్ర వేయించుకునే తిరిగి వద్దాం.